చిన్నపొన్ను ఎడమ భుజం

నేను పుట్టినప్పుడు మా అమ్మ తిలగం పుదుచ్చేరిలో ఫ్రెంచి దొర నడిపే నూలుమిల్లులో పనిచేసేది. మధ్యాహ్నం మిల్లు కూత వినగానే ఇంటికి పరుగెత్తుకొచ్చి, నాకు పాలిచ్చి, చీర ఊయలలో పడుకోబెట్టి, మళ్లీ పరుగెత్తేది. తాగిన పాలన్నీ కక్కి, నేను గుక్కపట్టి ఏడ్చేవాణ్ణట. దిష్టి తగిలిందని నాయనమ్మ రోజూ మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది.

పక్కింటి చిన్నపొన్ను పసిబిడ్డలకు నీళ్లు పోసే మనిషి. నోరు దురుసు. ఒకరోజు దగ్గుతూ వచ్చింది.

"దిష్టి ఉంటే మిరపకాయ ఘాటే రాదు గదా పెద్దమ్మా. ఈడ ఊపిరాడడం లేదు, ఇంక దిష్టి యాడుంది? పాలు తాగినోణ్ణి ఎంటనే పండేస్తే కక్కక ఏం చేస్తాడు?"

నన్ను ఎడమ భుజాన నిలువుగా వేసుకుంది. త్రేన్పు వచ్చింది; పాలు రాలేదు. నేను కూర్చోవడం నేర్చేదాకా రోజూ ఆ భుజమే నాకు ఊయల. ఆమె చీరలన్నిటికీ అక్కడ పాలమరకే.

నాకు కొడుకు పుట్టాక, ఆమెకు కొత్త చీర పెట్టి కాళ్లకు మొక్కాను. చీర పక్కన పెట్టి, పాత పైట సర్దుకుంది.

"మొక్కింది చాల్లే. వాణ్ణిట్టా ఇయ్యి."