దిగలేని కారు

ఆ రోజుల్లో కార్ల గురించి నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఉండేది కాదని నేననుకునేవాణ్ణి, చుట్టుపక్కలవాళ్ళు నమ్మేవారు, అదీ అసలు ప్రమాదం. ఇరవై మూడేళ్ళ వయసు. అనకాపల్లిలో హైవే పక్కన లారీ స్పేర్ పార్టుల కొట్లో పని. బేరింగులు, బోల్టులు, ఫ్యాన్ బెల్టులు కాగితంలో చుట్టి ఇవ్వడం నా ఉద్యోగమైతే, సాయంత్రం ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర మోటారు పరిశ్రమని చక్కదిద్దడం నా అసలు వృత్తి. పాత పుస్తకాల కొట్లో దొరికే కార్ల పత్రికలు అట్ట నుంచి అట్ట దాకా చదివేసి, మన దేశంలో కంపెనీలకి చవక కారు కొనేవాడంటే ఎంత చిన్నచూపో వివరించేవాణ్ణి. "పాటలపెట్టి మీద పెట్టిన శ్రద్ధ బ్రేకుల మీద పెట్టరు. మనవాళ్ళు మాత్రం తక్కువా? లీటరుకి ఎంతిస్తాదని తప్ప ఇంకో ముక్క అడగరు" అని రెండు పక్షాలనీ ఏకంగా ఉతికేసేవాణ్ణి. ప్రతి రెండో మాటా ఇంజను తిప్పే బలానికి చెప్పే 'టార్కు' కావడంతో టీ కొట్టు బృందం నాకు ఆ పేరే పెట్టేసింది. (నాకు సొంతంగా ఉన్న వాహనం మా నాన్న వాడి వదిలేసిన మోపెడ్. దాన్ని టీ కొట్టుకి కనబడనంత దూరంలో ఆపి, మిగతా దారి నడిచి వచ్చేవాణ్ణి.)

నా కీర్తి మాకవరపాలెం దగ్గర పల్లెలో చెరకు పండించుకునే మా మావయ్య దాకా పాకింది. మావయ్య మా అమ్మకి అన్నగారు. ఒకనాటి మధ్యాహ్నం తలపాగా సవరించుకుంటూ కొట్టుకే వచ్చేశాడు. "ఒరే అల్లుడా, మీ అత్తకి మోకాళ్ళు మరి పన్జెయ్యట్లేదురా. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో ఎల్తే ఇంటికొచ్చేక రెండ్రోజులు మంచం మీదే. గొలుగొండలో ఆళ్ళప్పని సూసి రెండేళ్ళయింది. రోజూ అదే మాట. ఓ చిన్న కారు సూడరా" అన్నాడు. (అప్ప అంటే మా వైపు అక్క. అత్తకి తోడబుట్టింది ఆవిడొక్కతే.) అంతటితో ఆగినా బాగుండేది. "మా ఊరి పోస్టుమాస్టరు కొన్నాడు సూడు, ఎత్తుగా పెట్టిలాగుంటాది. నానెక్కి కూకుంటే తలపాగా కూడా తగల్లేదు. అలాటిది బాగుంటాదేటి?" అని తన అభిప్రాయం కూడా చెప్పాడు. నా ముందు, కార్ల మీద, అభిప్రాయం!

"అదీ ఒక కారేనేటి మావయ్యా? చక్రాలున్న అగ్గిపెట్టి" అన్నాను. "మలుపు తిరిగితే పక్కకి ఒరిగిపోద్ది. కారంటే నేలకి దగ్గరగా ఉండాలి. సెంటర్ ఆఫ్ గ్రావిటీ అని ఒకటుంటాది."

"అంటే ఏటి?"

"బరువంతా కిందుండాలి."

"మీ అత్త బరువు కూడానేటి?" అన్నాడు మావయ్య. నేను పెద్దగా నవ్వి, ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా వదిలేశాను. ఆ ఊళ్ళో ఆ రోజు ఎవరైనా తెలివైన ప్రశ్న వేశారంటే అదొక్కటే.

పట్టణంలో బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు గారి సెడాన్ అమ్మకానికి ఉందని విన్నాను. ముత్యం రంగు. పొడుగ్గా, పల్చగా, నేలకి అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది. కొత్త అగ్గిపెట్టెకి పెట్టే డబ్బుకే ఇంత కారు వస్తుంటే ఇంకా ఆలోచనేమిటని నా వాదన. నేను బానెట్ ఎత్తి ఆఫీసరు గారికి ఆయన ఇంజను గురించే పావుగంట పాఠం చెబుతుంటే, మావయ్య పశువుల సంతలో ఎద్దుని చూసినట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, టైర్లు తట్టి, అద్దాల్లోంచి లోపలికి వంగి చూసి, "బాబూ, మరి మంచిదే అయితే ఎందుకమ్ముతున్నారు?" అని ఒకే ఒక్క మాటడిగాడు. బదిలీ అని తెలిశాక తృప్తి పడ్డాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "మీ అత్తని తీసుకొచ్చి ఓపాలి సూపిద్దామేటిరా?" అన్నాడు నెమ్మదిగా. "ఎందుకు మావయ్యా? అత్తకి కార్ల గురించి ఏటి తెల్సు?" అన్నాను. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

మంచిరోజు చూసి, ముందు ఉప్మాక వెంకన్న దగ్గర బండి పూజ, అటునుంచి అటే గొలుగొండ అని నిర్ణయమైంది. కొట్టు వ్యాను నడిపి నడిపి చెయ్యి తిరిగినవాణ్ణి కాబట్టి సారథిని నేనే. మావయ్యవాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా వచ్చిన బండిలో ముందు ఇంటి ఇల్లాలు కూర్చోవాలి. కూర్చున్నాక దేవుడి దగ్గర పూజ అయ్యేదాకా కాలు కింద పెట్టకూడదు. ఎద్దుబండి నాటి నుంచి వస్తున్న ఆచారమట. అత్త ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని అరుగు మీదకొచ్చి నిలబడింది. నేను కారుని ఆ ఎత్తరుగుకి ఆనుకున్నట్టు తెచ్చి ఆపాను. ఆవిడ అరుగు అంచున కూర్చుని, ఒక కాలు లోపల పెట్టి, జారుడుబల్ల మీద జారినట్టు హాయిగా సీట్లోకి జారిపోయింది. "ఓలమ్మ, ఎంత సుకంగుందిరా!" అంది. నేను మావయ్య వైపు చూసి కళ్ళెగరేశాను. ఆనవాయితీ ప్రకారం మళ్ళీ దిగలేదు కాబట్టి, దిగడం అనే కార్యక్రమం ఒకటుంటుందని మా ఎవరికీ తట్టలేదు. దారిపొడుగునా నేను సస్పెన్షన్ గురించి చెబుతున్నాను. అత్త అప్ప గురించి చెబుతోంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గొంగళి కప్పుకుని పడుకునేవారట. ఎవరి మాట ఎవరూ వినకుండానే ఉప్మాక వచ్చేసింది.

పూజ దివ్యంగా జరిగింది. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ దిష్టి. నిమ్మకాయల మీదుగా బండిని ముందుకి నడిపి, దిగి, వెనక తలుపు తీసి, "రా అత్తా, దర్శనానికి వెళ్దాం" అన్నాను. అత్త కాళ్ళు బయట పెట్టింది. మోకాళ్ళు గెడ్డం దాకా వచ్చాయి. ముందు సీటు పట్టుకుని లేవబోయింది, జానెడు లేచి మళ్ళీ కూలబడింది. రెండోసారి బెత్తెడే లేచింది. మూడోసారి ఆ ప్రయత్నం కూడా లేదు. "అల్లుడా, నాను దిగలేనురా" అంది చిన్నగా. ఈలోగా జనం పోగయ్యారు. ఒకాయన బండి వెనక్కి తోస్తే తేలికగా వస్తారన్నాడు. (ఎలాగో నాకిప్పటికీ అర్థం కాలేదు.) పూలమ్మే ఆవిడ నా వైపు చూసి "ఈ గోతిలో పెద్దావిణ్ణి ఎవుడు కూకోబెట్టేడు?" అని అడిగింది. మావయ్య రెక్క పట్టి లేపబోతే, "అంతమంది ముందు నన్ను లాగుతావేటి? సీర ఊడిపోద్ది, తప్పుకో" అని కసిరింది. ఆఖరికి పూజ చేయించిన అర్చకస్వామికే జాలేసి, లోపలికెళ్ళి తీర్థం, తులసి తెచ్చి కిటికీలోంచి అందించాడు. అత్త కారులోంచే స్వామి ఉన్న కొండకేసి దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ "పోనీలే, ఎల్దాం పదరా. అప్ప ఎదురుసూత్తాది" అంది. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను గానీ, సెంటర్ ఆఫ్ గ్రావిటీ గురించి ఇక ఒక్క ముక్క మాట్లాడలేదు. గొలుగొండ దాకా నా మనసులో ఒకటే ఆలోచన. రెండేళ్ళ తర్వాత అక్క గుమ్మం ముందుకు వెళ్ళి, లోపల అడుగు పెట్టకుండా ఈవిడ తిరిగి రావాలా? అది నా వల్లనా?

అనుకున్నంతా అయింది. కారు ఆగగానే పెద్దత్త (అప్పని నేనలా పిలిచేవాణ్ణి) కర్ర పట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ వెనక కోడళ్ళు, మనవలు, ఇరుగుపొరుగు. చెల్లెలు దిగకపోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటే, రెండేళ్ళకొచ్చి నా గుమ్మం తొక్కవా? నాను సేసిన తప్పేటి?" అంది. "తొక్కాలనే వచ్చేనప్పా! ఈ గుంటడు కొన్న బండి నన్నొదల్లేదు" అని అత్త లోపల్నుంచి ఏడుపు, నవ్వు కలిపి అరిచింది. నేను జరిగిందంతా చెప్పాను. పెద్దత్త కర్ర కోడలి చేతికిచ్చి, "అయితే నానే వత్తాను, తలుపు తియ్యి" అంది. అవతల తలుపు తీశాను. ఆవిడా అలాగే లోపలికి జారిపోయింది. "పెద్దత్తా, నువ్వు మళ్ళీ..." అని నేను మొదలెట్టేలోగా తలుపు వేసేసుకుంది.

తర్వాత రెండు గంటలు ఆ కారు నాది కాదు, మావయ్యదీ కాదు. మొదట నన్ను ముందు సీట్లో ఉండనిచ్చారు, ఏసీ కోసం. పది నిమిషాలకి పెద్దత్త నా భుజం తట్టి, "బాబూ, ఆ సల్లగాలి ఉంచీసి నువ్వు అలా పోయి కూకో" అంది. అద్దాలన్నీ మూసేసి ఇద్దరూ మాటల్లో పడ్డారు. నేను వీధరుగు మీద మావయ్య పక్కన కూర్చుని, ఆపకుండా ఉంచిన ఇంజను వేడెక్కుతుందేమో, పెట్రోలు అయిపోతుందేమో అని లెక్కలేసుకుంటూ చూస్తున్నాను. అద్దం వెనక వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు, మధ్యలో ఇద్దరూ ఏడ్చారు, మళ్ళీ ఏదో గుర్తొచ్చి విరగబడి నవ్వారు. కోడలు భోజనం కిటికీలోంచే అందించింది. కారులో ఎవరూ ఏమీ తినకూడదని ఆ పొద్దున్నే నేనొక శాసనం చేసి ఉన్నాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముత్యం రంగు కారు సీటు మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. మావయ్య నా వీపు మీద చెయ్యేసి, "ఊరుకో అల్లుడా, అది సుకంగా ఉంది" అన్నాడు. కారు గురించి కాదని నాకర్థమైంది.

దింపడం మావయ్యే దింపాడు. కూలబడిన ఆవుని లేపడానికి గోనెపట్టా పొట్ట కింద వేసి ఇద్దరు రెండు వైపులా ఎత్తుతారు. మావయ్య తన తలపాగా విప్పి, బారుగా మడిచి, ముందు పెద్దత్త నడుం వెనకనుంచి వేశాడు. చెరో కొసా మావయ్యా నేనూ పట్టుకుని "ఐసా" అన్నాం. ఆవిడ లేచి నిలబడింది. తర్వాత అత్త. "నన్ను ఆవుని సేసేవు కదా" అని అత్త మావయ్యని తిట్టింది. "మరి ఈ కిటుకు ఉప్మాకలో తెలీదేటి?" అని కూడా అడిగింది. "దగ్గరికి రానిచ్చేవా?" అన్నాడు మావయ్య బోడితలతో బిక్కమొహం వేసి. అత్త అప్ప గుమ్మం తొక్కింది.

నెల తిరక్కుండా మావయ్య ఆ సెడాన్ అమ్మేసి, పోస్టుమాస్టరు గారి లాంటి అగ్గిపెట్టె కొన్నాడు. చిత్రమేమిటంటే దాన్ని చూడ్డానికి కూడా నన్నే వెంటబెట్టుకెళ్ళాడు. "మా అల్లుడికి కార్ల గురించి తెలీనిది లేదు" అని షోరూములో చెప్పాడు, ఎగతాళి కాదు, నిజంగానే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈసారి అత్త కూడా వచ్చింది. ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది, దిగింది. మావయ్య కారు చుట్టూ తిరగనే లేదు, అత్త మోకాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు. మన దేశమంతా ఇప్పుడు ఎత్తు కార్లమయం అయిపోయింది. నేలకి అతుక్కుని పోయే సెడాన్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. ఎందుకని పెద్ద పెద్ద నిపుణులు వీడియోల్లో గంటలకొద్దీ చర్చిస్తారు. గతుకుల రోడ్లంటారు, హోదా అంటారు. నేను మాత్రం అత్తల మోకాళ్ళంటాను. కంపెనీలవాళ్ళని టీ కొట్టు దగ్గర నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకోను గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం వాళ్ళు నాకంటే ముందు కనిపెట్టారని ఒప్పుకుంటాను.

అగ్గిపెట్టెలో అత్త గొలుగొండ చాలాసార్లే వెళ్ళింది. ఠక్కున దిగేది, చకచకా లోపలికి నడిచేది. పెద్దత్త ఇప్పుడు లేదు. మొన్న నేనొక కొత్త కారు కొని చూపిద్దామని అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. కరెంటుతో నడిచేది, ఎత్తుగా, తలుపు తీస్తే మంచం మీంచి లేచినంత సులువు. నాక్కూడా ఈ మధ్య కుడి మోకాలు కాస్త మాట్లాడుతోంది మరి. అత్త పక్క సీట్లో కూర్చుని, అంతా తడిమి చూసి, "అల్లుడా, ఆ పొట్టి బండి గుర్తుందేటిరా?" అంది. మర్చిపోతానా అత్తా, తప్పయిపోయింది అన్నాను. "తప్పేటి? మా అప్పా నానూ పెళ్ళిళ్ళయ్యేక తనివితీరా మాటాడుకున్నది ఆ ఒక్కపాలే. తర్వాత ఎన్నిసార్లెల్లినా దిగీసేదాన్ని. దిగితే ఇంటినిండా జనం, ఒక్క మాటకీ సందుండేది కాదు" అంది. తలుపు పిడి తడుముతూ అడిగింది, "ఇందులోంచి సులువుగా దిగొచ్చేటి?"

"దిగొచ్చత్తా" అన్నాను గర్వంగా, టార్కు బాబు ఇంకా పూర్తిగా చావలేదు కదా.

"అయితే మాటలకి పనికిరాదు" అంది అత్త. తలుపు తీసుకుని దిగబోయిందల్లా, దిగకుండా మళ్ళీ వేసేసి, "నీ కబుర్లేటో సెప్పు" అంటూ వెనక్కి జారగిలబడింది.