చెప్పి పేలే రియాక్టర్

మా వదిన పోయింది. నేను పసుపు యార్డులో ఒక కమీషన్ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా అన్న ఫోన్ చేశాడు. "జల్ది రారా, మీ వదిన బడిల పడిపోయిందంట" అన్నాడు. నేను పెర్కిట్ చేరేసరికి ఆమెను బండి ఎక్కించారు. నిజామాబాద్ దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. డాక్టర్ ఆ మాట చెప్పి తన పని మీద వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఇది కూడా లేస్తూ కూర్చుంటూ రాస్తున్నాను.

వదిన పెర్కిట్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్. ఆమె పేరెత్తితే మా చుట్టాలకు ఆమె చేసే సర్వపిండి గుర్తొస్తుంది. నాకు మాత్రం అణు రియాక్టర్ గుర్తొస్తుంది. మీరు నవ్వుకోవచ్చు, ఆమె అయితే పగలబడి నవ్వేది.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో నగరాలు కట్టే ఆట ఒకటి ఉండేది. రోడ్లు వేయాలి, నీళ్లివ్వాలి, కరెంటివ్వాలి. బొగ్గు కేంద్రం పొగ కక్కుతుంది, గాలిమరలు చాలవు, అందుకని అందరూ రియాక్టర్ కడతారు. ఆ రియాక్టర్ ఎంత బాగా చూసుకున్నా ఏదో ఒకనాడు లాటరీ తగిలినట్టు ఢామ్మని పేలుతుంది. వదిన ఎంతో కష్టపడి కట్టిన నగరం ఒకసారి అట్లాగే బూడిదైంది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"గిదేం అన్యాయం తమ్మీ! కరెంటు పోతే గా యూపీఎస్ డబ్బ సుత కుయ్‌కుయ్‌మని చెప్తది. గంత పెద్ద రియాక్టర్‌కు గా మాత్రం మర్యాద లేదా?"

అట్లా మొదలైంది. ఎవరో తయారు చేసిన ఆటలో ఆడేవాళ్లే నియమాలు మార్చుకుని పది మందికీ పంచితే దాన్ని మాడ్ అంటారు. మేమిద్దరం ఆ రియాక్టర్‌ను మార్చడానికి కూర్చున్నాం. కూర్చున్నాం అన్నది నా గురించే. వదిన కూర్చునేది కాదు. నిలబడే అన్నం తినేది, నిలబడే నా భుజం మీదుగా అంకెలు చెప్పేది, చాయ్ చల్లారిపోయాక గుర్తొచ్చి ఒక్క గుక్కలో తాగేది. చేతులకంటిన సుద్దతో మీటలన్నీ తెల్లగా అయ్యేవి.

ఆమె పుట్టిల్లు వేల్పూర్. అక్కడ పసుపు కొమ్ములు ఉడికేటప్పుడు ముందు నురుగు వస్తుంది, తర్వాత వాసన వస్తుంది, అది చూసి దించుతారు. "గట్లనే రియాక్టర్‌కు సుత ముందుగాల ఏదన్న రావాలె" అంది. మొదట తెల్లటి ఆవిరి, వేడి మించితే పసుపుపచ్చటి ఆవిరి, అప్పటికీ ఆపకపోతేనే పేలుడు, అని పెట్టాం. లాటరీ తీసేశాం. "కష్టం గావాలె గని మోసం గావొద్దు" అనేది. బడిలో ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు కూడా అదే మాట.

తీరా చూస్తే ఆట చప్పబడింది. ఆవిరి పచ్చబడగానే అందరూ ఆపేస్తున్నారు, కాసేపాగి మళ్లీ నడుపుతున్నారు. రియాక్టర్ ఒక్కటి ఉంటే ఇంకేదీ అక్కర్లేదు. వదిన వంటింటికీ గదికీ మధ్య తిరిగి తిరిగి చివరికి ఆపడాన్ని ఖరీదు చేసింది. ఒకసారి ఆపితే అది తొందరగా మళ్లీ లేవదు, అంతవరకూ నగరం చీకటి, ఫ్యాక్టరీలు మూతపడతాయి, జనం తిడతారు. నన్ను ఆడమంది. ఆవిరి పచ్చబడింది. నేను చూశాను. కానీ స్టేడియం సగంలో ఉంది, అది అయిపోనీ అనుకున్నాను. పేలింది. వదిన చప్పట్లు కొట్టింది.

"ఇగో, గిప్పుడు కుదిరింది! అది చెప్తది, నువ్వు ఇనవు. గదే ఆట."

నేను ఒప్పుకోలేదు. ఆపడం తేలిక చేద్దాం అన్నాను. ఆమె వినలేదు. మేం ఎప్పుడు ఆ కంప్యూటర్ దగ్గర చేరినా ఇదే పంచాయితీ.

ఈ మధ్య ఆమెకు తలనొప్పులు వస్తుండేవి. తలకు గుడ్డ గట్టిగా కట్టుకుని బడికి పోయేది. అన్న దవాఖానకు పోదాం అంటే, "పరీక్షలు అయిపోనియ్యిండ్లి, నేను లేకుంటే గా పిల్లలకు ప్రాక్టికల్స్ ఎవరు చేపిస్తరు" అనేది. ఆ నొప్పులకూ ఈ చావుకూ సంబంధం ఉందో లేదో డాక్టర్ గట్టిగా చెప్పలేదు. అయినా నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో కాదు, ఆమె మీదే. ఎదురుగా ఉంటే గట్టిగా పోట్లాడేవాణ్ణి.

దినాలు అయ్యాక అన్న నా గదిలోకి వచ్చాడు. అన్నకు మోటార్ల వైండింగ్ దుకాణం. ఆ ఆట వైపు ఎన్నడూ కన్నెత్తి చూడలేదు. గడప దగ్గరే నిలబడి అడిగాడు.

"అరేయ్, మీ ఆటల గా రియాక్టర్ పేలే ముందుగాల చెప్తదంటిరి గదా. మరి మీ వదిన సంగతి మనకెందుకు తెల్వకపాయెరా? నేనేమన్న చూడలేదా?"

తలనొప్పుల మాట నా నోటిదాకా వచ్చింది. ఆ నొప్పులు ఆయనకూ తెలుసు, కానీ అవే ఆ ఆవిరి అని నేను కూడా అంటే ఆయన జీవితమంతా ఆ ఒక్క ఆవిరినే చూస్తూ ఉండిపోతాడు.

"ఏం చెప్పలేదే అన్నా. ఒక్కపారే అయిపోయింది" అన్నాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు.

ఆయన అక్కడ ఉండగానే కంప్యూటర్ పెట్టాను. ఆపడానికి వదిన పెట్టిన ఖరీదు మొత్తం తీసేశాను. ఇప్పుడు రియాక్టర్ ఆపితే పోయేదేమీ లేదు. ఆట చెడిపోయింది, నాకు తెలుసు. ఇది తెలిస్తే వదిన నన్ను ఇంట్లోకి రానివ్వదు.

నడిపించాను. పట్టపగలు, కిటికీలోంచి ఎండ తెర మీద పడుతోంది, బొమ్మ సరిగ్గా కనబడటం లేదు. అన్న దగ్గరికి వచ్చి ఎండకు చెయ్యి అడ్డం పెట్టాడు. తెల్లటి ఆవిరి వచ్చింది. కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"పచ్చగైతుందిరా" అన్నాడు. "ఆపు. ఆపురా, ఆపు."

ఆపాను. నగరం చీకటై వెంటనే వెలిగింది. అన్న చెయ్యి తీయలేదు.