ఆదివారం ఎనిమిదింటిదాకా

హీరాలాల్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ రెండు టార్గెట్లు చెప్పాలి. ఒకటి ఇంటి కోసం, ఒకటి తీరిక కోసం. నెల ఆఖరి రోజు సాయంత్రం వాటి మీద రివ్యూ జరుగుతుంది. మిగతా విషయాల్లో అంతటి సాధువు సూర్యాపేటలో వెతికినా దొరకడు. కూరలో ఉప్పు లేకపోతే మారు మాట్లాడకుండా తిని, చెయ్యి కడుక్కుని, దేవుడికి దండం పెట్టుకుంటాడు. రివ్యూకు ఎవరైనా అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే మాత్రం ఆయన మొహం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజులా ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ మాట ఊరికే రాలేదు. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన మనిషి ఆయన. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నెలనెలా రివ్యూ మీటింగులో నిలబడి పైవాళ్ల చేత మాటలు పడ్డాడు. రిటైరయిన మొదటి నెల ఆఖరున కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగు గంటలకల్లా వరండాలో కూర్చుని, ఎవరైనా వచ్చి తిడతారేమోనని ఎదురుచూశాడట. ఎవరూ రాలేదు. మనిషికి దిగులు పట్టుకుంది. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు లేచి, ఇక తిట్టేవాళ్లు లేకపోతే మన తిట్లు మనమే తిట్టుకోవాలని తీర్మానించి, ఇంట్లోనే రివ్యూ మొదలుపెట్టాడు.

రివ్యూకు పద్ధతులున్నాయి. ముందు తమ గురువు సేవాలాల్ మహారాజ్ పటం ముందూ, అమ్మవారు తుల్జా భవాని పటం ముందూ అగరుబత్తి వెలిగించాలి. ఇంట్లో అందరూ లంబాడీలో మాట్లాడుకుంటారు కానీ రివ్యూ మాత్రం తెలుగులోనే జరగాలి, అది ఆఫీసు భాష. కాగితం మీద ఒక్క ముక్క రాయకూడదు. కాగితం మీదకెక్కితే ఫైలవుతుందట, ఫైలయితే పని కాదట. ఆ విషయంలో ఆయనకు ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది. ఇక ప్రశ్నలు మూడే. టార్గెట్ ఏంది, అయింది ఎంత, కానిదానికి కారణమేంది.

ఈ ప్రశ్నల నుంచి ఆయన తనను తాను కూడా వదిలిపెట్టడు. ఆయన ఇంటి టార్గెట్ ఎప్పుడూ ఒకటే, బాత్రూములో కారే నల్లా బాగుచెయ్యడం. తన వంతు రాగానే కుర్చీలోంచి లేచి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని, చేతులు కట్టుకుని, పని నడుస్తున్నది సార్ అంటాడు. మళ్లీ లేచి కుర్చీలోకి వచ్చి, ఎన్ని నెలలయింది హీరాలాల్, గిట్లయితే ఎట్ల అని మందలిస్తాడు. మళ్లీ స్టూలు మీదకు వెళ్లి తల దించుకుంటాడు. అక్కడ బాత్రూములో నల్లా మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

ఆయన భార్య పార్వతమ్మ ఒకసారి విసుగెత్తి తన తీరిక టార్గెట్ చెప్పింది. "నీ రివ్యూ లేని నెల ఒక్కటి గావాలె."

హీరాలాల్ కోపం తెచ్చుకోలేదు. కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మంచి టార్గెటే. పరిశీలనల ఉంచుదాం" అన్నాడు. ఇప్పటికీ అది పరిశీలనలోనే ఉంది.

ఈ పిచ్చి ఇంటి గడప దగ్గర ఆగేది కాదు. షుగరు చూపించుకుందామని దవాఖానకు వెళ్లి, అన్నం తగ్గించాలి, నడక పెంచాలి అని డాక్టరు చెప్పిందంతా విని, మరి ఈ నెల మీ టార్గెట్ ఏంది సార్ అని ఆయన్నే ఎదురడిగాడు. డాక్టరు నవ్వబోయి ఆగిపోయి, పిల్లలతో కలిసి రాత్రి భోజనం చెయ్యాలని ఎన్నాళ్లుగానో ఉందండీ అని ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి హీరాలాల్ మళ్లీ అక్కడ ప్రత్యక్షమయ్యాడు. షుగరు చూపించుకోలేదు. ఎన్నిసార్లు తిన్నరు సార్ అని అడిగి, జవాబు విని, కొంచెం పెంచాలె అని చెప్పి వచ్చేశాడు.

సుధ ఆయన్ను మొదటిసారి చూసింది కోదాడలో, తన పెళ్లిచూపుల్లో. అందరూ చదువు, ఉద్యోగం, వంట గురించి అడుగుతుంటే కాబోయే మామగారు గొంతు సవరించుకుని, "బిడ్డా, పనంత ఒడిసినంక నీకోసం నువ్వు ఏం జేసుకుంటవు?" అని అడిగాడు. సుధ వాళ్ల నాన్న బిత్తరపోయి, మా అమ్మాయికి అసలు ఖాళీనే ఉండదండి, ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూనే ఉంటుంది అని గొప్పగా చెప్పాడు. హీరాలాల్ మొహం వాడిపోయింది. ఖాళీ లేకపోవడమేమిటని ఆ పూట లడ్డూ కూడా సగమే తిన్నాడు. సంబంధం తప్పిపోయిందనే కోదాడ వాళ్లంతా అనుకున్నారు.

తప్పిపోలేదు. సుధ, విజయ్‌ల పెళ్లి జరిగింది. సుధ సూర్యాపేటకు వచ్చి ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. విజయ్ మిర్యాలగూడలో రైసు మిల్లు లెక్కలు చూస్తాడు, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. మేడ మీద గది వాళ్లిద్దరిది. సుధ అయిదింటికే లేస్తుంది. వంటలో చెయ్యి వేసి, డబ్బాలు కట్టి, బడికి పరిగెత్తి, సాయంత్రం పరీక్ష పేపర్లతో ఇల్లు చేరుతుంది. ఇంత చేసినా నెలాఖరున ఒక మనిషి కుర్చీలో కూర్చుని అయింది ఎంత అని అడగడం ఆ పిల్లకు గుచ్చుకునేది. ఇది ప్రేమో, తనిఖీయో అంతుపట్టేది కాదు.

ఒక నెల ఒకటో తారీఖున ఆమె వంతు వచ్చింది. కాస్త మొండిగానే చెప్పింది.

"ఇంటికి ఏమీ లేదు మామయ్యా. తీరికకు మాత్రం ఒకటుంది. ఆదివారం ఎనిమిదింటిదాకా పడుకోవాలి."

అత్తగారింట్లో కోడలు ఈ మాట అన్నందుకు విజయ్ గోడకేసి చూశాడు. పార్వతమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హీరాలాల్ మాత్రం నిటారుగా కూర్చున్నాడు.

"ఒక్క ఆదివారమా, అన్ని ఆదివారాలా?"

"అన్నీ."

"మధ్యల మెలకువ రావద్దు గద?"

"రావద్దు."

"రాసుకున్న" అన్నాడు. ఎక్కడా రాయలేదు, నుదురు తట్టుకున్నాడంతే.

మొదటి ఆదివారం సుధకు అలవాటుకొద్దీ అయిదున్నరకే మెలకువ వచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి కిటికీ పరదా కొంచెం తొలగించి చూస్తే, కింద గేటు బయట కుర్చీ వేసుకుని మామగారు. చేతిలో గడియారం. చూపు సూటిగా ఆమె కిటికీ మీదే. సుధ గబుక్కున పరదా వదిలేసింది. కోడలు ఎన్నింటికి లేస్తుందో చూసి, నెలాఖరు రివ్యూలో లెక్క చెప్పడానికి కాపలా కూర్చున్నాడన్నమాట. ఇక నిద్ర ఎక్కడిది. ఎనిమిదింటిదాకా కళ్లు తెరుచుకుని, పళ్లు కొరుక్కుంటూ పడుకుంది.

రెండో ఆదివారమూ అంతే. పరదా తీసింది, కుర్చీ ఉంది, గడియారం ఉంది, ఆయన ఉన్నాడు. ఈసారి ఆయన మొహంలో దిగులు కూడా ఉంది. మూడో ఆదివారం కుర్చీ పక్కన ఒక గంప కనిపించింది. ఆ గంప ఏమిటో ఆలోచించే ఓపిక సుధకు లేదు. ఆ రాత్రే విజయ్‌తో తెగేసి చెప్పింది. మిర్యాలగూడలో ఇల్లు చూడు, నీకు బస్సు తప్పుతుంది, నాకు ఈ కాపలా తప్పుతుంది.

విజయ్ నాలుగు రోజులు నసిగి చివరికి మిల్లు దగ్గరే ఒక ఇల్లు చూశాడు. కిరాయికిచ్చే ఆమె ఒకటో తారీఖులోపు ఏదో ఒక మాట చెప్పమంది. అంటే ఆ నెల రివ్యూ రోజే ఇంట్లో చెప్పేయాలి. అంతలో నాలుగో ఆదివారమూ పరదా తీసి చూసింది, గంప లేదు కానీ కాపలా అలాగే ఉంది. ఆ నెల ఆఖరి రోజు కూడా ఆదివారమే పడింది. బాపుకు ఎట్లా చెప్పాలి అని విజయ్ తల పట్టుకుంటే, నేనే చెప్తానులే, ఇంటి టార్గెట్ అని చెప్తాను అంది సుధ.

ఆ ఆదివారం పొద్దున పరదా తియ్యలేదు. సాయంత్రందాకా ఆగడం దేనికి, ఆయన మొహం మీదే అడిగేద్దామని చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. గేటు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

బయట పాల ఐలయ్య బండిని నెట్టుకుంటూ వస్తున్నాడు. ఇంజను ఆపేసి ఉంది. హారను మీద పాత తువ్వాల చుట్టి ఉంది. హీరాలాల్ ఎదురెళ్లి క్యాను అందుకుని, చప్పుడు కాకుండా గిన్నెలో పోయించుకుంటున్నాడు. ఐలయ్య గుసగుసగా అన్నాడు. "సారూ, గీ గల్లీల హారను గొట్టక నెల దగ్గరికొచ్చింది. నా బర్రెలు గూడ మెల్లగ అరుస్తున్నయి."

"ఇంకొక్క గంటన్నర ఐలయ్య. బిడ్డ పండుకున్నది."

ఐలయ్య వెళ్లగానే హీరాలాల్ తోపుడు బండి బయటికి లాగాడు. చక్రాలకు గుడ్డ కట్టి ఉంది. గల్లీలో ఇంటింటి ముందూ ఉన్న చెత్త బకెట్లన్నీ ఒక్కొక్కటే ఎత్తి బండి మీద పెట్టుకుంటున్నాడు. కరెంటు స్తంభాలెక్కిన మనిషి, మోకాళ్లు పట్టుకుంటూ వంగి లేస్తున్నాడు. మున్సిపాలిటీ ఆటో పాట పెట్టుకుని గల్లీలోకి రాకుండా, చెత్తంతా ఆయనే మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్తున్నాడు. ఎదురింటి స్టీఫెన్ గారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున కంజీర కొట్టుకుంటూ కీర్తనలు పాడే మనిషి. ఇవాళ కంజీర ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతున్నాడు. బండితో వెళ్తూ హీరాలాల్ ఆయనకు చేతులు జోడించాడు. స్టీఫెన్ గారు ఒక కన్ను తెరిచి, ఫరవాలేదు, మనసులో పాడుకున్నా ప్రభువుకు వినబడుతది అన్నట్టు తలూపాడు.

సుధ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వెనక నుంచి పార్వతమ్మ భుజం మీద చెయ్యి వేసి వంటింట్లోకి లాక్కెళ్లింది.

"నువ్వెందుకు లేసినవే? సూస్తే సచ్చిపోతడు ముసలాయన."

ఆ పొయ్యి దగ్గర నిలబడే సంగతంతా బయటపడింది. మొదటి ఆదివారం పరదా కదలడం ఆయన చూశాడు. ఏదో చప్పుడుకు బిడ్డకు మెలకువ వచ్చిందని కుమిలిపోయి, తప్పు పాల హారనుదని తేల్చాడు. హారను మూశాడు. రెండో ఆదివారం మళ్లీ పరదా కదిలింది. తప్పు చెత్త ఆటోది. మూడో ఆదివారం తప్పు పక్కింటి మైసమ్మ కోడిపుంజుది. దాన్ని గంపలో పెట్టి శనివారం సాయంత్రమే స్కూటరు మీద చివ్వెంల దగ్గరి తండాకు, తమ్ముడు శివాజీ ఇంటికి తీసుకెళ్లడం, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ తీసుకురావడం మొదలుపెట్టాడు. డెప్యుటేషన్ అని పేరు పెట్టాడు. కోసుకొని తినవు గద సారూ అని మైసమ్మ అడిగితే సేవాలాల్ మహారాజ్ మీద ఒట్టు వేశాడు. ఆ మూడో ఆదివారం మాత్రం తండా ఆలోచన రాకముందే తెల్లారిపోయింది కాబట్టి పొద్దున్నే గంపలో మూసిపెట్టి గేటు దగ్గర తనే కాపలా కూర్చున్నాడు. అయినా పరదా కదిలింది. కోడి తండాకు పోయిన నాలుగో ఆదివారమూ కదిలింది. ఇక మిగిలింది స్టీఫెన్ గారి కంజీర.

"నా పెండ్లయి గిన్నేండ్లయె" అంది పార్వతమ్మ పాలు పొయ్యి మీద పెడుతూ. "ఆదివారం పూట పండుకోవాలనుందని నోరు దెరిసి నేనెన్నడు అడగలే. నువ్వు అడిగినవు. ఆయన సంబురం జూడాలె ఆ రోజు. అడిగేటి మనిషి ఇంట్లకొచ్చిందన్నడు."

సుధ అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు. పైకి పో, పరదా ముట్టకు అని మెల్లగా నెట్టింది. సుధ పిల్లిలా మెట్లెక్కి వెళ్లి పడుకుంది. పరదా కదల్లేదు. నెల రోజుల బాకీ అంతా ఒక్కసారిగా కమ్ముకుని, విజయ్ వచ్చి కుదిపి లేపేసరికి తొమ్మిదిన్నర.

సాయంత్రం రివ్యూ. అగరుబత్తి వెలిగింది. హీరాలాల్ స్టూలు మీదా కుర్చీ మీదా తన నల్లా సంగతి ముగించుకుని కోడలి వైపు తిరిగాడు. గొంతులో బెరుకు దాచుకుంటున్నాడు.

"సుధమ్మా. టార్గెట్ ఎనిమిది. ఇయ్యాల అయింది ఎంత?"

"తొమ్మిదిన్నర మామయ్యా."

ఆ ఇంటి రివ్యూల చరిత్రలో టార్గెట్ దాటిన మనిషి అప్పటిదాకా లేడు. హీరాలాల్ జేబులోంచి రుమాలు తీసి, కళ్లద్దాలు తుడిచి, మళ్లీ పెట్టుకుని, "శెబాష్" అన్నాడు. తర్వాత ఏమనాలో తోచక ఇంకోసారి శెబాష్ అన్నాడు.

విజయ్ చెమటలు పడుతున్న మొహంతో భార్య వైపు చూశాడు. ఇక మిర్యాలగూడ మాట వస్తుందని కుర్చీ అంచుకు జరిగాడు.

"వచ్చే నెల ఇంటి టార్గెట్ ఏంది బిడ్డా?"

"మేడ మీద గదికి దోమల జాలీ కొట్టించాలి" అంది సుధ. "వానాకాలం మొత్తం ఇక్కడే గదా ఉండేది."

విజయ్ ఊపిరి ఎంత గట్టిగా వదిలాడంటే అగరుబత్తి పొగ పక్కకు వంగింది. ఒకటో తారీఖు దాకా ఆగకుండా ఆ రాత్రే మిర్యాలగూడ ఇంటామెకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు, అది వేరే విషయం.

"బాగున్నది. మరి తీరిక టార్గెట్?"

"మైసమ్మ గారి కోడిని చివ్వెంల పంపించకుండా ఇంట్లోనే ఉంచాలి. అది కూసినా నాకు నిద్ర పడుతుంది మామయ్యా. ఇక ఏది కూసినా పడుతుంది."

హీరాలాల్ చెవులు ఎర్రబడ్డాయి. పార్వతమ్మ వైపు చూశాడు. ఆమె అప్పుడే గుర్తొచ్చినట్టు చాయ్ కప్పులు తెచ్చేందుకు లేచింది. విజయ్‌కు ఏమీ అర్థం కాక, ఏ కోడి, ఎవరి కోడి అని అటూ ఇటూ చూశాడు.

హీరాలాల్ నేలకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. చివరికి ఆఫీసు మొహం మళ్లీ తగిలించుకుని అన్నాడు.

"కోడి ముచ్చట తీరిక కిందికి రాదు బిడ్డా. అది మైసమ్మది. ఆమెను గూడ పిలువుండ్రి, రివ్యూకి."