మామిడి ఒరుగుల అత్త

మైపాడులో మా మేనత్త ఎండిన మామిడి ఒరుగును చెవి దగ్గర విరిచి వినేది. టక్కుమంటేనే జాడీలోకి వేసేది. వేసవి చివర పెరటి చెట్టున మిగిలిన కాయలన్నీ దించి, ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి ఇంటిల్లిపాదీ ఎండబెట్టేవాళ్లం. కత్తిపీట మీద కూర్చునేది మాత్రం అత్తే.

ఒక ఏడు, ఎదురుగా గంప నిండా కాయలున్నా "అయిపోయినాయా?" అని అడిగింది. చూపు పోయిందని అప్పుడు తెలిసింది నాకు.

"ఎవరికీ చెప్పబాక మే. కత్తిపీట ముట్టనీరు."

చెప్పలేదు. ఆమె వేళ్లనే చూస్తూ కాయలు అందించినాను.

అత్త పోయిన మూడో వేసవి, ముక్కలు కోస్తూ అమ్మతో చెప్పేసినాను.

"నాకు తెలుసులే. అందుకే గదా నేను నిన్ను ఆమె పక్కన కూర్చోబెట్టింది," అంది అమ్మ.

ఆ పూట ఇద్దరం ఇంకో కాయ కోయలేకపోయినాం.