అరవై ఎనిమిది కేజీల మనిషి

2022లో కోవిడ్ మూడో అల తగ్గి, చెన్నై రేవు నుంచి విహార నౌకలు బయలుదేరుతున్న రోజుల్లో, మా లిఫ్టుల కంపెనీ నన్ను ఒక ఓడ మీదికి పంపింది. రెండు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్ళీ చెన్నైకే వచ్చే ఓడ అది. అందులో నా పని లిఫ్టులు బాగుచేయడం కాదు, అవి బాగానే ఉన్నాయి. వాటిలో జనం కిక్కిరిసిపోకుండా చూడడం.

లిఫ్టు ఇంజనీరుకు జనం ప్రవాహంలా కనిపిస్తారు. ఆఫీసులో పొద్దున పైకి, సాయంత్రం కిందికి. ఆసుపత్రిలో రోజంతా అటూ ఇటూ. ఓడలో అట్లా కాదు. భోజనం గంట కాగానే అన్ని అంతస్తుల వాళ్ళూ పావుగంటలో ఒకే డెక్కుకు చేరాలనుకుంటారు. డెక్కు అంటే ఓడలో అంతస్తు. మామూలు రోజుల్లో పదహారు మందిని మోసే లిఫ్టుల్లో ఇప్పుడు నలుగురికి మించి ఎక్కరాదని ఓడ డాక్టరు గీత గీశాడు. గాలి ఆడని పెట్టెలో మాస్కులు వేసుకుని నలుగురు. నియమం సబబైనదే. నేను దాన్ని అప్పుడూ కాదనలేదు, ఇప్పుడూ కాదనను.

కానీ దాన్ని పాటించేలా చేయడం ఎట్లా? గోడ మీద బోర్డు పెట్టారు, నేల మీద పాదాల గుర్తులు అంటించారు. లిఫ్టు తలుపు తెరుచుకుని లోపల చోటు కనబడుతుంటే బయట ఆగిపోయే మనిషిని మా ఊళ్ళో నేనైతే చూడలేదు.

నేనొక ఉపాయం చెప్పాను. లిఫ్టు నేల కింద లోడ్ సెల్ అనే పరికరం ఉంటుంది. ఎంత బరువు ఎక్కిందో అది కొలుస్తుంది. హద్దు దాటితే బజర్ మోగుతుంది, ఎవరో ఒకరు దిగేదాకా తలుపు మూసుకోదు. మా వృత్తిలో మనిషి అంటే అరవై ఎనిమిది కేజీలు. లిఫ్టులో ఇంతమంది పడతారని రాసే పలకకు అదే లెక్క. నలుగురికి రెండు వందల డెబ్భై రెండు కేజీలు. హద్దును ఆ అంకెకు దించేస్తే అయిదో మనిషి ఎక్కగానే గంట మోగుతుంది. పదిహేను నిమిషాల పని.

లిఫ్టు లాబీలో నాకు సాయంగా ఇచ్చిన సిబ్బంది మనిషి పేరు సెల్వరాజు. రాయపురం వాడు, నలభై దాటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఓడలో చేరకముందు పన్నెండేళ్ళు పురసవాక్కంలో ఒక ఆరంతస్తుల బట్టల దుకాణంలో లిఫ్టు నడిపాడు. దీపావళి రద్దీని తట్టుకున్న మనిషికి నేను ఓడలో రద్దీ గురించి పాఠం చెప్పబోయాను.

“గంటెందుకు సార్? నన్ను ఈడ నిలబెట్టండి, తాడు కట్టి నలుగురు నలుగురుగా నేను పంపిస్తా,” అన్నాడు. “ముసలోళ్ళని ముందు. పిల్లకాయలకి మెట్లు చూపిస్తా. తిట్టుకుంటా పోతారు, గానీ పోతారు.”

“నీ చేతిలో పెడితే నువ్వు ఎవర్ని ఆపుతావు సెల్వరాజూ?”

“నాకు తెలుస్తాది సార్.”

“అదే నాకు భయం,” అన్నాను.

ఆ భయం నాకు ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. పాతికేళ్ళుగా ప్రతి ఆదివారం పురసవాక్కంలో ఒక మేడ మీద గదిలో మా హేతువాద మిత్రులం వాదించుకునేవాళ్ళం. కులం గురించి, గుడి గురించి, ఎవరు ఏ వాకిట్లో ఆగిపోవలసి వచ్చిందో దాని గురించి. నేను గట్టిగా మాట్లాడేవాణ్ణి. ఇంటి పనివాళ్ళు లిఫ్టు వాడకూడదని బోర్డు పెట్టిన అపార్టుమెంట్ల మీద వ్యాసాలు రాశాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చూపు ముందు ఎదుటివాడి చెప్పుల మీద పడుతుందని, తర్వాత చీర మీద, తర్వాత ఒంటి రంగు మీద పడుతుందని రాశాను. ఆ మాటలన్నీ నిజమే. అందుకే సెల్వరాజుకు ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. యంత్రానికి కులం లేదు, మతం లేదు, అది చీర చూడదు, అది అంకె మాత్రమే చూస్తుంది అన్నాను.

“సరి సార్,” అన్నాడు సెల్వరాజు. “అంకెలే చూడనీ.”

మొదటి సాయంత్రం భోజనాల వేళ నేను చేతిలో కాగితం, గడియారం పట్టుకుని లాబీలో నిలబడ్డాను. అయిదో డెక్కులో ఒక పెద్దావిడ, పక్కన పదిహేడేళ్ళ మనవరాలు ముందుగా లిఫ్టు ఎక్కారు. ఆవిడ భారీ మనిషి, జరీ అంచు చీర, మల్లెపూలు. వాళ్ళ వెనక ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు. మొత్తం నలుగురు. గంట మోగింది.

లోపల ఒక్క క్షణం ఎవరూ కదలలేదు. తర్వాత ముగ్గురి చూపులూ ఆవిడ మీదికి తిరిగాయి. సొంత మనవరాలి చూపుతో సహా.

“పాటీ, మీరు తర్వాత దాంట్లో వస్తారా?” అన్నాడొక కుర్రాడు తమిళంలో, సొంత అవ్వను పిలిచినట్టు మర్యాదగానే.

“వస్తా లే పా. ఓడ మునిగితే మళ్ళా నన్నే అంటారు,” అని నవ్వుతూ దిగింది ఆవిడ. మనవరాలు దిగబోతే, “నువ్వు పో కన్నా, మీ అమ్మ ఆడ ఎదురు చూస్తాంటాది,” అంది. తలుపు మూసుకుంది.

నేను కాగితం మీద రాసుకున్నాను: ఓవర్‌లోడ్ క్లియరెన్స్, ఆరు సెకన్లు. అంటే గంట మోగిన తర్వాత తలుపు మూసుకోవడానికి పట్టిన సమయం. అంత తక్కువ వస్తుందని నేననుకోలేదు. సంతోషించాను. ఈ మాట దాచకుండా రాస్తున్నాను: సంతోషించాను.

ఆ రాత్రి, మర్నాడు పొద్దున ఫలహారాలప్పుడు, మధ్యాహ్నం, ఆవిడను మళ్ళీ మళ్ళీ చూశాను. ఖాళీ లిఫ్టు కోసం ఆగి ఒంటరిగా ఎక్కేది. తలుపు మూసుకునేలోగా ఎవరో ముగ్గురు పరుగెత్తుకొచ్చి ఎక్కేవారు. గంట. చూపులు. ఆవిడ దిగేది. రెండోసారికే నవ్వు పోయింది. నాలుగోసారి గంట మోగకముందే, వెనక వచ్చేవాళ్ళను చూసి తనే బయటికి వచ్చి పక్కన నిలబడింది. నా కాగితం మీద క్లియరెన్స్ ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మూడుకు పడింది. జనానికి అలవాటవుతోందని రాశాను.

అదే మధ్యాహ్నం కాలేజీ ఆడపిల్లలు అయిదుగురు, సన్నటివాళ్ళు, కిచకిచమంటూ ఒకే లిఫ్టులో ఎక్కి పైకి పోయారు. గంట మోగలేదు.

“అయిదుగురు సార్,” అన్నాడు సెల్వరాజు. “గంట నిద్రపోయినట్టుండాది.”

“ఎప్పుడో ఒకసారి అట్లా అవుతుంది. సగటు చూడాలి.”

అతను నా వైపు చూసి, మాస్కు సర్దుకున్నాడు. ఎదుటివాడు సాక్ష్యం చూపిస్తే లెక్క మార్చుకోవాలని పాతికేళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి నేను. నా కళ్ళ ముందు నలుగురికి గంట మోగింది, అయిదుగురికి మోగలేదు. అయినా నా అంకెను కాపాడుకున్నాను. ఒక పూజారి తన ముహూర్తాన్ని కాపాడుకోవడానికి ఇంతకన్నా ఏం చేస్తాడు?

ఆ సాయంత్రం అయిదున్నరకు ఏడో డెక్కుకూ ఎనిమిదో డెక్కుకూ మధ్య మెట్ల మీద ఆవిడ కూర్చుని ఉండడం చూశాను. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. పట్టుచీర కట్టుకుంది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది, ఊపిరి అందడం లేదు. నేను రెండు మెట్లు కింద ఆగాను.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? డాక్టరును పిలవనా?”

“వద్దు నాయినా. కాసేపు కూచుంటే సరిపోతాది. మోకాలికి ఆపరేషన్ చేసి ఏడు నెలలు.” ఊపిరి తీసుకుంది. “పదకొండో అంతస్తుకి పోవాల. నాకు అరవై నిండినాయని పిల్లకాయలు కేకుకి చెప్పినారు. ఏడింటికి.”

“ఇంకా గంటన్నర ఉంది కదమ్మా.”

“అందుకే ఇప్పుడే బయలుదేరినా. అందురూ వచ్చేలోపల పోయి కుర్చీలో కూచుంటే సరి.”

ఆవిడ పేరు మునిరత్నమ్మ. వాషర్‌మెన్‌పేట్‌లో నలభై ఏళ్ళుగా కట్‌పీస్ కొట్టు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, అయిదో డెక్కు నుంచి పదకొండో డెక్కుకు మెట్లెక్కి పోతోంది. పైకి చేరలేకపోతే, ఆకలి లేదని ఫోను చేసి గదికి వెళ్ళిపోదామని కూడా ఆలోచించి పెట్టుకుంది.

“లిఫ్టులో పోవచ్చు కదా,” అన్నాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరెట్లా వచ్చిందో తెలియదు.

“ఎందుకులే సారు. మా మనవరాలు నిన్నట్నుంచీ నాతో లిఫ్టు ఎక్కడంలే. మెట్లెక్కితే ఒళ్ళు తగ్గుతాదంట, ఆ పిల్ల ఉండేదే ఇంత.” చిటికెన వేలు చూపించింది. “నాకు తెల్దా? దానికి సిగ్గు. నా వల్ల.”

ఆవిడ మోకాలు నిమురుకుంది.

“ముందు ఎక్కింది నేను. గంట కొడితే కడాకి ఎక్కినోడు గదా దిగాల? ఆ గంట నా పేరు చెప్పలే. అయినా అందురూ నన్నే చూస్తారు. చూసినాక ఎట్ల నిలబడేది?”

తర్వాత ఆవిడే, నాతో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు, తన కొట్టు సంగతి చెప్పింది. “లావు మనిషి రవికె బట్టకి వస్తే ఎంత గావాలో చూడంగానే నాకు తెలుస్తాది. గట్టిగా చెప్పను. కొట్టు నిండా జనం ఉంటారే. చిన్న కాగితం ముక్క మీద రాసి ఆయమ్మ ముందు పెడతా. ఆయమ్మ చూసుకుంటాది, నేను కత్తెర తీసుకుంటా. నలభై ఏండ్లు. ఒక్కరు కూడా నా కొట్లో తల దించుకోలే.” నా వైపు తిరిగింది. “ఆ గంట ఎవురు పెట్టినారు నాయినా? నువ్వు ఈడ పనిచేసేవాడివే గదా?”

“కంపెనీ వాళ్ళమ్మా,” అన్నాను.

“వాళ్ళకి ఒక మాట చెప్తావా?”

“చెప్తానమ్మా.”

సిబ్బంది లిఫ్టుకు నేను హద్దు మార్చలేదు. అందులో ఆవిడను పదకొండో డెక్కుకు చేర్చి, కంట్రోలు గదికి వెళ్ళి, అన్ని లిఫ్టులకూ పాత హద్దు పెట్టాను. దానికీ పదిహేను నిమిషాలే పట్టింది. సెల్వరాజు దగ్గరికి వెళ్ళి తాడు కట్టమన్నాను. ఎందుకని అతను అడగలేదు.

ఆ రాత్రి లాబీలో అతను నిలబడ్డ తీరు చూశాను. నలుగురు, తాడు. నలుగురు, తాడు. “అన్నా, మీరు రెండంతస్తులే గదా, మెట్లెక్కితే బిరియానీ ఇంకో ప్లేటు పడతాది.” “అవ్వా, మీరు రండి, ముందు మీరే.” జనం నవ్వుకుంటూ మెట్లెక్కారు. అతను పొరపాట్లు చేయలేదని కాదు. ఒక పెద్దాయనను అడ్డుకుంటే ఆయన కోప్పడ్డాడు. సెల్వరాజు క్షమించమని అడిగి లోపలికి పంపాడు. నా గంట ఎవరినీ క్షమించమని అడగలేదు.

ఇక్కడితో ఆపితే ఇది తప్పు దిద్దుకున్న ఇంజనీరు కథ అవుతుంది. అంత మంచి కథ కాదు ఇది. కంపెనీకి ఇచ్చిన నివేదికలో “బరువు పద్ధతిని పరిశీలించి, మనుషులతో నియంత్రణ మేలని తేల్చాం” అని రాశాను. పరిశీలించినది ఎవరి మీదో రాయలేదు.

మూడో రోజు పొద్దున ఓడ చెన్నై చేరింది. దిగే వరసలో, కుటుంబమంతా వెంట ఉండగా, మునిరత్నమ్మ నన్ను చూసి ఆగింది. కూతురి భుజం తట్టి, “ఈ సారేనమ్మా. నేను చెప్పినానని పోయి గంట ఆపించినాడు,” అంది. కూతురు చేతులు జోడించింది. మనవరాలు వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుంది. “చల్లగా ఉండు నాయినా,” అంది మునిరత్నమ్మ. “అందురూ నీ మాదిరి చెప్పేవాళ్ళుంటే చాలు.”

నా పక్కనే సెల్వరాజు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ గంట ఎవరు పెట్టారో ఆ ఓడలో అతనికి బాగా తెలుసు. నా ముఖం వంక చూశాడు. కొంచెం సేపు ఆగాడు, నేనేమైనా అంటానేమోనని. తర్వాత వరస వైపు తిరిగి, “నడవండి, నడవండి,” అన్నాడు.

“పర్లేదమ్మా,” అన్నాను నేను.

వృత్తి గురించి నేర్చుకున్నది ముందు చెబుతాను. యంత్రం ఎవరినీ దిగమనదు. ఎవరో ఒకరు దిగాలంటుంది, అంతే. ఎవరు దిగాలన్నది ఆ పెట్టెలో ఉన్న మనుషులు తేలుస్తారు, ఎప్పుడూ తేల్చే పద్ధతిలోనే. యంత్రానికి పక్షపాతం లేదని నమ్మినవాడు మనుషుల పక్షపాతాన్ని పెంచి, దానికి గంట కూడా కడతాడు. ఇప్పుడు ఏ భవనంలోనైనా ఒక హద్దు మార్చవలసి వస్తే, అది మోగినప్పుడు అందరి చూపులూ ఎవరి మీద పడతాయని ముందు అడుగుతాను.

రెండోది వృత్తికి సంబంధించినది కాదు. తప్పు తెలిశాక నలుగురిలో ఒప్పుకోవాలని వేదికల మీద ఎందరినో నిలదీశాను. పీఠాధిపతులను, జ్యోతిష్కులను, నాయకులను. నాకు నలుగురు అక్కర్లేదు, ఒక్క మనిషి ఎదురుగా నిలబడి, దీవించి, బదులు కోసం ఆగింది. “నేనే పెట్టానమ్మా” అనడానికి సమయం ఉంది. ఆ మాట అనలేదు. దీవెన తీసుకున్నాను.