కోట గోడ కింద సైగలు

మంగళం దేన్నీ ఒక్కసారి చూసి వదిలిపెట్టదు. పాలచుక్క గోరు మీద వేసి చూస్తుంది. కొత్తిమీర కట్ట విప్పి చూస్తుంది. గ్యాసు సిలిండరు తెచ్చిన కరుప్పయ్య గేటు దాటి పోయేదాకా సీలు చేతిలోనే పట్టుకుని ఉంటుంది. "ఆ ఇంటికి కుక్క అక్కరలేదు, మంగళం ఉంది" అని వీధిలో అనుకుంటారు. ఆ మాట ఆమె చెవిన కూడా పడింది. కాదనలేదు.

భర్త విజయరాఘవ స్పిన్నింగ్ మాస్టరు. తమిళనాట రాజపాళయం నూలు మిల్లుల్లో జుట్టు నెరిసేదాకా పనిచేసి, ఉజ్బెకిస్తాన్‌లో బుఖారా అనే ఊళ్ళో కొత్త మిల్లు పిలిస్తే వెళ్ళాడు. మంగళానికీ వీసా వచ్చింది. టిక్కెట్టు తీయడమూ అయింది. ఆయన దాన్ని రెండుసార్లు వెనక్కి జరిపాడు. మొదటిసారి చలి అన్నాడు. రెండోసారి ఇంటికి రంగు వేస్తున్నారన్నాడు. రంగు ఆరడానికి రెండు నెలలు పట్టే ఇల్లు ఏ దేశంలోనూ ఉండదని మంగళానికి తెలుసు.

ఇంకోటీ ఉంది. ఆ ఊళ్ళో పాత అమీర్ల కోట ఉందట. ఆదివారం ఎప్పుడు ఫోన్ చేసినా "కోట దగ్గరున్నాను" అంటాడు. కోటను మనిషి ఒకసారి చూస్తాడు. చుట్టాలొస్తే రెండోసారి చూపిస్తాడు. ప్రతి ఆదివారం పోయేవాడు కోట కోసం పోడు. ఇదీ ఆమె లెక్క.

ఆ లెక్క తేలకుండానే ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటి కార్తీక ఫోన్ పట్టుకుని వచ్చింది. పక్క ఊరు సత్రపట్టి పిల్ల. ఆమె భర్త ముత్తుకుమార్ అదే మిల్లులో ఫిట్టరు.

"అక్కా, కోప్పడకూడదు. మా ఆయన పంపినాడు. నాకు నవ్వొచ్చి తెచ్చినాను."

"నీకు నవ్వొస్తే నాకెందుకు కోపమొస్తాది? ఇట్లా ఇయ్యి."

వీడియోలో ఏటవాలు మట్టి గోడ, ఆకాశాన్ని సగం మింగేసి నిలబడి ఉంది. దాని కింద నీలం స్వెట్టరులో విజయరాఘవ. చెయ్యి పైకెత్తి ఊపాడు. తొడ మీద రెండుసార్లు తట్టాడు. అరచెయ్యి కిందికి వంచాడు. చివర పిడికిలి గుండెకు ఆనించి నవ్వాడు. ఎదురుగా ఉన్నదెవరో వీడియోలో పడలేదు. వెనక ముత్తుకుమార్ గొంతు మాత్రం వినిపించింది: "మాస్టరు మహారాణికి సైగ చేస్తా ఉన్నాడు చూడు!"

"ఈ నవ్వు నా పెళ్ళిలో కూడా చూడలేదే" అంది మంగళం.

"చుమ్మా, ఊరికే తమాషాకి అయింటాదిలే అక్కా."

మంగళం మళ్ళీ చూసింది. మూడోసారి నవ్వును వదిలేసి చేతుల్ని చూసింది. వెన్ను నిటారుగా అయింది.

ఆ సైగలు ఆమె తండ్రివి. ఆయన ఈ ఊరి పేరుతోనే పిలిచే రాజపాళయం జాతి తెల్లకుక్కల్ని పెంచినవాడు. ఆ జాతిలో బొత్తిగా తెల్లగా పుట్టిన పిల్లల్లో కొన్నిటికి చెవులు వినపడవు. వాటిని ఎవరూ కొనరు, ఎవరూ ఉంచుకోరు. ఆయన ఒకదాన్ని ఉంచుకుని చేతులతోనే మాట్లాడాడు. చెయ్యి ఊపితే ఇటు చూడు. తొడ తడితే రా. అరచెయ్యి వంచితే కూర్చో. గుండె మీద పిడికిలి పెడితే మంచిదానివి. "మామా, చెవుటిదానికి భరతనాట్యం నేర్పిస్తా ఉండారా?" అని వెక్కిరించిన అల్లుడు విజయరాఘవే. ఆ కుక్క వెనకనుంచి వచ్చే సేత్తూరు బస్సు హారన్ వినపడక చక్రం కింద పడింది. ఇంక నా ఇంట్లో కుక్క అడుగు పెట్టదని మంగళం ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

వెంటనే భర్తకు వీడియో కాల్ చేసింది.

"కోట దగ్గరున్నారా? చూపించండి."

"ఇదేంది కొత్తగా?" అంటూనే విజయరాఘవ ఫోన్ తిప్పాడు. పెద్ద వాకిలి, అటూ ఇటూ రెండు బురుజులు, పైన ఆకాశం. "లోపల అమీరు కొలువు. దండం పెట్టినవాడు రాజుకి వీపు చూపించకూడదంట. గోడ చాటుకి పోయేదాకా వెనక్కే నడవాలంట."

"మీరూ అట్లే నడుస్తా ఉండారు. లోపలికి పోండి, చూస్తాను."

"లోపలికా... ఈ రోజు వద్దులే."

"ప్రతి వారం కోటకి పోయేది, లోపలికి మాత్రం పోయేది లేదా? ఆకాశం ఇక్కడా ఉంది. నేల చూపించండి."

ఫోన్ కదల్లేదు.

"సరి. తొడ తట్టండి. మా నాయన తట్టినట్టు."

పక్కన కార్తీక నోరు తెరిచి వింటోంది. అవతల విజయరాఘవ ఫోన్‌ను ఎక్కడో ఆనించి, ఎదురుగా నిలబడి చెయ్యి ఊపాడు, తొడ తట్టాడు. చెవులు మొదలంటా కత్తిరించిన పెద్ద తెల్లకుక్క ఒకటి వచ్చి ఆయన మోకాలికి ఆనుకుంది.

"చెవుడా?"

"చెవుడే. చెవులు కోసి కాపలాకి పెట్టుకున్న గొర్రెలోళ్ళు, వినపడదని తెలిసి వదిలేసి పోయినారంట. ఈ గోడ కిందే పడి ఉండింది. చలిలో చచ్చిపోతాదని..."

"ఇంట్లో పెట్టినారు."

"నువ్వు ఒట్టు పెట్టుకున్నావే మంగళం! నువ్వొస్తే దీన్ని ఎక్కడ పెట్టేది? అందుకే టిక్కెట్టు జరుపుతా వచ్చినాను. వారానికోసారి దానికి ఈ గోడ చూపించకపోతే అన్నం తినదు."

మంగళం కళ్ళు చిన్నవి చేసి తెర మీద కుక్కనీ, మొగుడి స్వెట్టరు నిండా ఉన్న తెల్ల వెంట్రుకల్నీ చూసింది.

"రాత్రి ఎక్కడ పండుకుంటాది?"

"వరండాలో."

"అబద్ధం."

విజయరాఘవ స్వెట్టరు దులుపుకున్నాడు.

"నా ఇంట్లో అడుగు పెట్టదనే ఒట్టు" అంది మంగళం. "అది మిల్లోళ్ళ ఇల్లు. టిక్కెట్టు ఇంక జరపొద్దు. నేనొచ్చి చూస్తాను."

"ఏం చూస్తావు?"

"అది నిజంగా చెవుటిదేనా అని."

కాల్ ఆపేసి, నవ్వు ఆపుకోలేకపోతున్న కార్తీక వైపు తిరిగింది.

"ఆ వీడియో నాకు పంపు."

"ఇంకా ఎందుకక్కా? తేలిపోయింది కదా!"

"ఆ నవ్వు కుక్కకేనా అని ఇంకోసారి చూడాల."