రేకుకు అవతలి మనిషి

మొన్న పళ్ల డాక్టరు దగ్గరికని తిరుపతికి వెళ్లి, ఇంకో గంట ఆగాలన్నారని బయట నాలుగడుగులు వేస్తుంటే, ఒక పార్కులో సిమెంటు దిమ్మె మీద పాత డీజిలింజను ఒకటి కొత్త రంగు పూసుకుని కనిపించింది. జనం దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే నేను పక్కకు వెళ్లి, కళ్లద్దాలు సర్దుకుని, రివెట్ల వరుస తిన్నగా ఉందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. తాకరాదని బోర్డు ఉంది గానీ, మన వయసువాళ్లకు బోర్డులు ఆనవు కదా.

ఇంజనంటే అందరికీ కూత గుర్తొస్తుంది. నేను పనిచేసిన రైల్వే వర్క్‌షాపులో మాకు పని దాని ఒంటితో. అడుగున రెండు బారు ఇనుప దూలాలు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు, వాటిపైన యాంగిల్ పట్టీల చట్రం, దాని మీద రేకులు. తర్వాత వచ్చిన బండ్లకు అంతా వెల్డింగే గానీ, మా చేతికి వచ్చిన పాతరకానికి చాలాచోట్ల రివెట్లే ఆధారం. తుప్పు తిన్న రేకు కోసి కొత్తది బిగించాలంటే ఇద్దరు కావాలి. లోపలి మనిషి ఎర్రగా కాలిన రివెట్టును పటకారుతో రంధ్రంలో దూర్చి, దాని తలకు బరువైన ఇనుప మొద్దు ఆనించి పట్టుకుంటాడు. బయటి మనిషి ఇవతలికి వచ్చిన కొసను సుత్తితో కొట్టి గుండ్రంగా అణుస్తాడు. ఒకరికొకరు కనిపించరు, ఆ మోతలో మాట వినిపించదు, అందుకని సైగలన్నీ దెబ్బలే. లోపలి నుంచి ఒక దెబ్బ పడితే కొట్టమని, నేను రెండు వేస్తే ఇది అయిందని.

నాకు జతగా పనిచేసిన లోపలి మనిషి నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చిత్తూరులో ట్రంకుపెట్టెలు చేసే ముస్లింల ఇంటివాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రేకును తిట్టేది మాత్రం తెలుగులోనే. నాకు పెళ్లీ పెటాకులూ లేవు, ఊళ్లో అయినవాళ్లూ లేరు. తొమ్మిదేళ్లు ఆయన క్యారియరులో సగం నాదే.

ఒకరోజు టీ అంగడి దగ్గర వెనకనుంచి ఆయన్ని పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచినా అంతే. టీ పోసే ఆయన “ఏమప్పా, మీ భాయ్‌కి అలకొచ్చినట్టుండాదే” అన్నాడు, పక్కవాళ్లు నవ్వారు. ముందురోజు వరుస వంకరగా వచ్చిందని నేనొక మాట అని ఉన్నాను, అది మనసులో పెట్టుకున్నాడనుకున్నాను. కోపం ముక్కు మీద ఉండే రోజులు. నువ్వు పలకకపోతే నేనూ పలకనని నోరు కట్టేసుకుని, భోజనానికి కూడా వేరే చోటికి పోయాను. ఆయన ఒకటిరెండుసార్లు నావైపు చూసి ఊరుకున్నాడు. అలా ఏడాదిన్నర గడిచిందంటే మీరు నమ్మరు. చిత్రమేమంటే పని ఒక్కరోజూ చెడలేదు, అటు దెబ్బ పడేది, ఇటు నేను కొట్టేవాణ్ణి. నిజానికి ఆ రోజుల్లో నాకున్న పలకరింపల్లా ఆ దెబ్బే. సాయంత్రం గదికి పోతే గోడలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అయినా వెళ్లి ‘ఏమైందన్నా’ అని ఒక్కమాట అడగలేదు.

ఆయన రిటైరైన రోజున దండలు వేసి, మిక్చరు పంచి అందరూ వెళ్లిపోయాక, నన్ను కొలిమి వెనక్కి తీసుకుపోయి చెయ్యి పట్టుకున్నాడు.

“నా సెవులు పోయి రెండేండ్లయిందప్పా. ఈళ్లకు తెలిసుంటే నన్ను పనిలోంచి తీసి గేటు కాడ కూర్సోబెట్టుండేవాళ్లు. నువ్వొక్కడివే కనిపెట్టినావు. నలుగుర్లో నాతో మాట్లాడితే నేను దొరికిపోతానని, నోరు కట్టుకోని నా గుట్టు కాపాడినావు. నా సొంత తమ్ముడు కూడా ఇంత సెయ్యడు.”

మిగతావాళ్లతో పెదవులు చూసి నెట్టుకొచ్చాడట. నా దెబ్బలను మాత్రం అరచేతితో వినేవాడట. నేను నోరు తెరిచాను. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. అది దయ కాదన్నా, పొగరు అని చెప్పడానికి ధైర్యం చాలక తల ఊపాను.

తర్వాత ఆయన పలమనేరులో కూతురింటికి చేరాడు. నేను వెళ్లిన ప్రతిసారీ అదే కథ ఇంటిల్లిపాదికీ చెప్పి మురిసిపోయేవాడు, నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆయన పోయి కూడా ఆరేళ్లయింది. ఇప్పుడు ఇంజను ఒంటి మీద రివెట్టు కనిపించదు. యంత్రమే ఒక పక్కనుంచి రేకులు అతికేస్తుందట, అవతల మనిషి అక్కర్లేదట. మంచిదే, ఎవరి చెవులూ పోవు. ఆయన మనవరాలు మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేసి, తిన్నావా తాతా అని అడుగుతుంది. ఈ లోకంలో నన్ను ఆ మాట అడిగేది ఆ పిల్ల ఒక్కతే, అదీ నేను చెయ్యని మంచికి.